మార్కెట్ స్టాపు మహారాజు

మార్కెట్ స్టాపులో ఆగిన బస్సు ఎంతకీ కదలదు.

"ఏమైందయ్యా, టైరు పోయిందా?" వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

"మహారాజుగారు వేంచేస్తున్నారు," అన్నాడు డ్రైవర్.

బస్సంతా నవ్వింది.

కింద చక్రాల కుర్చీలో ఓ పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్లజుట్టు.

ఇప్పుడైతే మీట నొక్కితే చాలు, కుర్చీ ఎక్కించే ర్యాంపు దానంతటదే బయటికొస్తుంది. ఆ రోజుల్లో కండక్టర్ కిందికి దిగాలి. కొక్కెం తగిలించి, మోకాలు ఆనించి, బలమంతా పెట్టి ఆ రేకుపలకని లాగాలి. కిర్రుమంటూ వచ్చేది. చేతుల నిండా గ్రీజు.

కండక్టర్‌కి కొత్తగా పెళ్ళయింది. చొక్కాకి గ్రీజంటిందంటే ఇంట్లో యుద్ధమే.

"ఆస్పత్రికా?" టికెట్ చింపుతూ విసుగ్గా అడిగాడు.

"కుర్చీలో ఉన్నవాడు ఆస్పత్రికే పోవాలా? కాఫీ తాగడానికి."

"మీ కాఫీ కోసం ఇంతమందికి ఆలస్యం."

"నువ్వు కాఫీ తాగవా నాయనా?"

పెద్దాయన తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. మళ్ళీ కొక్కెం, మళ్ళీ గ్రీజు.

తిరుగు ట్రిప్పులో చూస్తే ఎదుటి స్టాపులో ఆయనే!

"అయిందా కాఫీ?"

"ఎక్కడ! హోటల్ ముందు మెట్లు."

"నలుగుర్ని పిలిస్తే ఎత్తి లోపల పెట్టేవాళ్ళుగా."

"నేనేమన్నా బీరువానా?"

మర్నాడు చొక్కా కొనడానికన్నాడు. ఆ మర్నాడు సినిమాకన్నాడు. చొక్కా కొన్నదీ లేదు, సినిమా చూసిందీ లేదు. ఏ గుమ్మం ముందు చూసినా మెట్లే. అయినా రోజూ వచ్చాడు. వానొస్తే నెత్తికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మరీ వచ్చాడు.

బస్సులో ఆయన్ని తిట్టుకోనివాడు లేడు. "ఇంట్లో కూర్చోక ఎందుకొచ్చిన తిరుగుళ్ళు," అని మొహం మీదే అనేవారు. నడిచేవాడు ఊరికే తిరిగితే షికారట. కుర్చీలో తిరిగితే పొగరట!

ఓ సాయంత్రం డిపోలో ఆఫీసరు కండక్టర్‌ని పిలిచాడు.

"ర్యాంపులు ఎవరూ వాడటం లేదంట. పీకేసి సీట్లు వేయిస్తున్నాం. మీ బస్సులో ఎవరన్నా ఎక్కుతున్నారా?"

లేదనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏమైందో, నిజమే బయటపడింది.

"ఒకాయన ఎక్కుతాడు సార్."

"రోజూనా?"

"రోజూ."

"ఖర్మ. సరే, ఉంచండి."

ఆ ఉక్రోషమంతా మర్నాడు పెద్దాయన మీద చూపించాడు కండక్టర్.

"అన్ని బస్సుల్లోనూ పీకేస్తున్నారు. మీ ఒక్కరి మూలాన మా బస్సుకి ఉంచారు. ఒక్కరి కోసం!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"ఒక్కడు చాలా? అయితే రేపూ వస్తాను."

కొన్నాళ్ళకి మార్కెట్ స్టాపులో రెండు కుర్చీలు కనిపించాయి.

రెండోదాంట్లో ఓ అమ్మాయి. బట్టల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగం దొరికిందట.

"షాపుకి ముందు మెట్లున్నాయి అన్నా. సరుకు దించే దారిలో లోపలికెళ్తా, నాకేం నామోషీ లేదు. అక్కడిదాకా వెళ్ళడమే కష్టం. ఈ బస్సుకి ర్యాంపుందని విన్నా. రోజూ ఉంటుందా? లేదంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే."

కండక్టర్ నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు.

"ఉంటుందమ్మా. ఎక్కు."

"మరి మీరు?"

"లోపల కుర్చీకి చోటొక్కటే. నాకేం పనుందిలే, కాఫీయేగా."

ఆ తర్వాత ఆయన బస్సెక్కలేదు. ఓ వారం స్టాపుకి వచ్చి, అమ్మాయి ఎక్కేదాకా చూసి, కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. ఆపైన రావడమే మానేశాడు.

"పీడ విరగడైంది," అన్నాడు డ్రైవర్. అంటూనే, స్టాపు రాగానే తల బయటపెట్టి ఆ మూలకి చూసేవాడు.

కండక్టర్ సంగతి సరేసరి. 'నేనేమన్నా బీరువానా' గుర్తొచ్చి టికెట్ల మధ్య ఒక్కడే నవ్వుకునేవాడు. ఆయనతో గొడవపడకుండా రోజు రోజులా ఉండేది కాదు.

ఓ పొద్దున అమ్మాయి హుషారుగా ఎక్కింది.

"అన్నా, నువ్వు చెప్పిన ఆ హోటలాయనతో పోట్లాడి పోట్లాడి మెట్ల పక్కన వాలుదారి కట్టించా! తాతగారిని పిలుచుకురా. కాఫీ నేనిప్పిస్తా."

డ్యూటీ దిగగానే కండక్టర్ మార్కెట్ వెనక సందులో వాకబు చేశాడు. ఇస్త్రీ దుకాణమతను వేలెత్తి పై అంతస్తు చూపించాడు.

లిఫ్ట్ లేదు. ఇరుకు మెట్లు, మలుపు మలుపుకీ చెప్పుల గుట్టలు, పూలకుండీలు. పైకి చేరేసరికి కండక్టర్‌కి రొప్పొచ్చింది.

ఆయన భార్య తలుపు తీసింది. కాఫీ సంగతి విని తలుపు రెక్క పట్టుకుంది.

"ఆయన పోయిన నెల్లోనే పోయారు బాబూ. నిద్రలోనే."

లోపల గోడవారన మడిచిపెట్టిన చక్రాల కుర్చీ. ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాడు కండక్టర్.

"ఇన్ని మెట్లు... రోజూ ఆయన్ని కిందికి ఎవరు దించేవారమ్మా?"

"ఆయన్ని దించడమేమిటి బాబూ, ఆయన కాళ్ళు బాగానే ఉండేవి; ఆ కుర్చీ చనిపోయిన మా అమ్మాయిది, అది బతికున్నన్నాళ్ళూ ఒక్క బస్సూ ఎక్కించుకోలేదని ఆయనే ఆ కుర్చీని భుజాన వేసుకుని రోజూ దిగేవారు."