ఒకే బస్సులో బందరుకి

“ఇంకో రెండు ఇడ్లీలు పెట్టించుకోండి. కోర్టులో ఎప్పుడు పిలుస్తారో ఏమో,” అంది ఝాన్సీలక్ష్మి.

“దిగడం లేదు ఝాన్సీ.” పున్నారావు కంచం పక్కకు జరిపాడు.

ఆయన గూడూరు దగ్గరి పల్లెలో ఎయిడెడ్ హైస్కూలుకి హెడ్మాస్టరు. కిందటి కార్తీక పౌర్ణమికి పిల్లల్ని మంగినపూడికి సముద్ర స్నానానికి తీసుకెళ్లాడు. ఏడో తరగతి రాజకుమారి అలల్లో కొట్టుకుపోయింది. వారం తిరక్కుండా, బడి యాజమాన్యం తరఫున కరస్పాండెంటు సంతకంతో సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచి జీతం బిల్లు మీద ఆ సంతకం పడలేదు. ఇల్లు ఝాన్సీలక్ష్మి పొలం కౌలు మీద నడుస్తోంది. వచ్చే వేసవికి రిటైర్మెంటు. ఈలోగా కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేయకపోతే, పిల్లను పోగొట్టిన హెడ్మాస్టరుగానే ఆయన దిగిపోవాలి.

“సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటూ కళ్లు మూసుకున్నాను. అంతే! దేవుడికి దణ్ణం పెట్టడం నేరమా?”

“నేరమని ఎవరంటారండీ? కానీ అప్పుడు పిల్లలు నీళ్లలో ఉన్నారు కదా.”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

“ముప్పై ఏళ్లు చేశాను. యాజమాన్యానికి ఆ మాత్రం జాలి లేదా?”

“జాలి ఉందండీ. పిల్లే లేదు.”

ఆమె దేవుడి గూటి ముందు దీపం వెలిగించి చాలాసేపు నిలబడింది.

“ఏమని మొక్కావు?”

“న్యాయం జరగాలని.”

“నేను గెలవాలని మొక్కొచ్చుగా!”

“రెండూ ఒకటేనని మీరేగా అంటున్నారు.”

పున్నారావు నవ్వాడు. ఒకటి కాకపోతే స్వామి ఏది వింటాడో మాత్రం అడగలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. కండక్టరు టిక్కెట్లు చింపుతూ, “ఈ వాయిదాకైనా తేలుద్దంటారా మాస్టారూ?” అన్నాడు.

“తేల్చేవాళ్లు తేలిస్తే తేలుద్దయ్యా.”

ఝాన్సీలక్ష్మి కిటికీలోంచి చేల వైపు చూస్తోంది.

“ఆ పాప తల్లి కొండమ్మ మన వీధిలోకి చేపలు తెస్తోందా ఇంకా?” గొంతు తగ్గించి అడిగాడు.

“తెస్తోంది. నన్ను చూసి తలొంచుకు పోతుంది. తప్పేదో తనే చేసినట్టు.”

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“బడి పెట్టిన మీ నాన్న బతికుంటే నన్నిలా చేసేవాడా?”

“ఆ సాయంత్రమే సంతకం పెట్టేవాడు.”

“నన్ను ఓదార్చడానికి వస్తున్నావా, ఏడిపించడానికా?”

“ముందు బీపీ బిళ్ల వేసుకోండి,” అంటూ మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

కోర్టు వరండాలో పున్నారావు ప్లీడరు అంకమ్మరావు ఎదురొచ్చాడు. ఆమెకు ఇబ్బందిగా నమస్కారం పెట్టి, ఆయన్ని లోపలికి రమ్మన్నాడు. ఆమె భర్త చొక్కా కాలరు సరిచేసింది.

“గట్టిగా చెప్పండి. గొంతు వణకనీయకండి.”

“నువ్వు కనబడేలా కూర్చో. ధైర్యంగా ఉంటుంది.”

“అలాగే.”

మధ్యాహ్నానికి బంట్రోతు కేసు పిలిచాడు. పున్నారావు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జడ్జి తలెత్తి, “హెడ్మాస్టరు గారు వచ్చారు సరే. ఈయన్ని సస్పెండు చేసిన కరస్పాండెంటు వచ్చారా?” అని అడిగాడు.

ఝాన్సీలక్ష్మి లేచి నిలబడింది.