సెల్లు లేని వాచీ

నా కొడుకు రత్నాకర్ పోయాక పెట్టిన ఆదరణ కూడిక ముగిసింది. పాస్టర్ అయ్యగారు వెళ్లగానే మా మరిది సాముయేలు నా కొడుకు వస్తువులు పంచడం మొదలుపెట్టాడు. చొక్కాలు ఒకరికి, బండి ఒకరికి. నేను గిన్నెలు తోముతున్నాను.

ఆఖరికి నా చేతి మీద అతని కన్ను పడింది.

“వదినా, గంత పెద్ద మగోళ్ల వాచీ నీకెందుకు? టైం సూడనే రాదు. మా పిల్లగానికియ్యి.”

“ఇయ్య.”

“నీళ్లల్ల ఖరాబైతది.”

మోచేతిదాకా బకెట్లో ముంచి చూపించాను. “నీళ్లల్ల మునిగెటోళ్ల కోసమే చేసిండ్రట.”

“జర పెట్టెలనన్న దాచిపెట్టు. సచ్చినోని వాచీ కట్టుకొని తిరుగుతరా ఎవరన్న?”

లేచి, కొంగుతో చేయి తుడుచుకున్నాను.

అప్పట్లో మొదటి జీతం రాగానే రత్నాకర్ నన్ను వాచీల దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణపాయన ఆడవాళ్ల వాచీలు పరిచాడు, సన్నటివి, బంగారు రంగువి. వాడు వద్దన్నాడు. “మా అమ్మ ఆకుకూర తోటల పొద్దంత పాలకూర కడుగుతది. నీళ్లకు బెదరనిది, సెల్లు లేకుంట చేయి ఆడితే నడిచేది సూపియ్యి. మాకు అందే ధరల.”

“ఇది సచ్చినోనిది కాదు సాముయేలూ, నాది” అన్నాను. “నా చేతిని సూసి కొన్నడు నా కొడుకు. వాడు పోయినంక నేను చేతులు ముడుసుకొని కూసుంటే, ఇది ఆగిపోయింది. ఇగ ఆగనియ్య. రేపటి సంది పాలకూర కడగనీకి పోత.”