వచ్చిన పని

మెషిన్ మళ్ళీ ఆగిపోయింది.

నిషిత కెమెరాను తిరిగి తగిలించింది. ఎర్రలైటు ఆరలేదు.

పటాన్‌చెరులోని ఆ చిన్న ఫ్యాక్టరీ, మందుబిళ్ళల స్ట్రిప్పులను కెమెరాతో పరీక్షించే మెషిన్లు తయారుచేస్తుంది. తుడవడానికి కెమెరా ఊడదీసినప్పుడల్లా లోపలి కంప్యూటర్ బిగుసుకుపోతోంది. శుక్రవారంలోగా బాగుచేయకపోతే మెషిన్ వాపసు పంపుతామని కొన్నవాళ్ళు చెప్పేశారు. మెషిన్ వాపసు వస్తే నిషిత ఇంటికి పోవాల్సిందే. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

ఏం చేయాలో తోచక పది రోజుల కిందట ఇంటర్నెట్‌లో ప్రశ్న పెట్టింది. ఫ్యాక్టరీ పేరు కూడా రాసింది. జవాబు రాలేదు.

బుధవారం పొద్దున ఒక మనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, రబ్బరు చెప్పులు, చేతిలో సంచి.

"నీ ప్రశ్న చూసిన బిడ్డా. జహీరాబాద్ నుంచి ఎంత దూరంలే అని బస్సెక్కిన. జెర మెషిన్ సూడొచ్చా?"

మేనేజర్ కామేశ్వరరావు ఆ చెప్పుల వంక చూశాడు. "చూడండి. దేన్నీ ముట్టుకోకండి."

వచ్చినాయన గంటసేపు తెర మీది ప్రోగ్రామ్ చదివాడు. ఒకచోట ఆగాడు.

"ఈ నలభై లైన్లు తీసెయ్యి బిడ్డా."

నిషిత తెల్లబోయింది. కెమెరా తనది కాని చోట రాయకుండా కంప్యూటర్ మెమరీకి ఒక కాపలా చిప్ ఉంటుంది. కెమెరాకు ఇచ్చిన అనుమతిని, దాన్ని ఊడదీసినప్పుడు ఆ చిప్ నుంచి రద్దు చేసే లైన్లు అవి.

"అవి తీసేస్తే అనుమతి ఎవరు వాపస్ తీస్కుంటరు సార్?"

"నేను లోపలికొచ్చేటప్పుడు పాస్ ఇచ్చిండ్రు. పోయేటప్పుడు ఎవరు తీస్కుంటరు?"

"గేటు కాడ ఐలన్న."

"నేను గేటు దాటి పోయినంక నువ్వు గూడ పాస్ అడిగితే?"

"మీరే లేరు గద. ఎవర్ని అడుగుత?"

"గదే. వెనకట గేటు కాడ ఎవ్వరు లేకుండె. ఎవరిచ్చిన పాస్ వాళ్ళే తీస్కోవాలె. గందుకే ఈ లైన్లు. ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమే అందరి పాసులు ఒక్కకాడ తీస్కుంటున్నది. ఇవి మాత్రం పోయిన కెమెరాను పాస్ అడుక్కుంట నిలబడ్డయి. వాటితోని మెషిన్ గూడ నిలబడ్డది."

నిషితకు సగం అర్థమైంది. కామేశ్వరరావుకు ఆ సగం కూడా వినే ఓపిక లేదు.

"ఆ భాగం జోలికి వెళ్ళొద్దండి. ఎవరో మహానుభావులు రాసింది. పన్నెండేళ్ళుగా దేశదేశాల మెషిన్లలో నడుస్తోంది. మీరు ఇవాళ బస్సు దిగొచ్చి తీసెయ్యమంటారేమిటి?"

"రాసినోడు గూడ మనిషే గద సార్."

"ఉద్యోగం కోసమైతే అప్లికేషన్ ఇచ్చి వెళ్ళండి."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. అందులోనూ రబ్బరు చెప్పులేసుకుని వస్తే అసలే పనికిరాదు.

ఆ మనిషి నొచ్చుకోలేదు. తీసేయాల్సిన లైన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఒక కాగితం ముక్క మీద రాసి, కీబోర్డు కింద పెట్టి వెళ్ళిపోయాడు. నిషిత గేటు దాకా సాగనంపలేదు. సార్ చూస్తున్నారన్న భయంతో మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.

గురువారం సాయంత్రానికి ఆమె సొంతంగా అరవై లైన్లు కలిపింది. మెషిన్ ఆగుతూనే ఉంది. ఇక పోయేదేముందని కీబోర్డు ఎత్తి కాగితం తీసింది. తన అరవై లైన్లూ, ఆ నలభై లైన్లూ తీసేసింది.

కెమెరా ఊడదీసింది.

పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

పదిసార్లు ఊడదీసి తగిలించింది. పదకొండోసారి కామేశ్వరరావు తన చేత్తో ఊడదీశాడు.

"తొందరపడ్డానమ్మా. ఆయన్ని రేపు పిలిపించు. పేరేమిటన్నారు?"

"అడగలే సార్."

ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నిషితకు సిగ్గేసింది. గబగబా గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఐలన్నా, నిన్న సంచి పట్టుకొని ఒకాయన వచ్చిండు, ఎవరు?"

"ఆయననా? పోయేటప్పుడు పాస్ నా చేతుల పెట్టి, నీ అసుంటోడు ఒక్కడుంటే సాలు అని నవ్విండు. రిజిస్టర్ల ఆయనే రాసిండు, సూడు బిడ్డా. నేనైతే టైము ఒక్కటే సూస్త."

నిషిత నిన్నటి పేజీ తిప్పింది. పేరు సంగప్ప, ఊరు జహీరాబాద్. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంది.

వచ్చిన వాళ్ళంతా 'మీటింగ్' అని గీకిపోయే 'వచ్చిన పని' గడిలో మాత్రం ఆయన తీరిగ్గా, గుండ్రంగా రాశాడు: 'పన్నెండేళ్ళ కింద నేను రాసిన నలభై లైన్లు తీసేయడానికి.'