ముడుచుకునే బటన్

గోడల మీది బటన్లన్నీ ప్రాణమున్నవాటిలా మెసిలే కాలమది. వేలు దగ్గరికొస్తే అవెలా కదలాలో రాయడమే సుభాషిణి ఉద్యోగం. ఫిర్యాదులు తగ్గించమని నీళ్ల కంపెనీ కోరితే, ఇళ్లలోని ఫిర్యాదు బటన్ అత్తిపత్తి ఆకులా మెత్తగా ముడుచుకునేలా రాసిచ్చింది.

ఒక ఉదయం పక్కింటి సీతారావమ్మగారు ఖాళీ బిందెతో వచ్చారు.

"నాలుగు రోజులైందమ్మాయ్, మా కుళాయి రాక."

"ఫిర్యాదు బటన్ నొక్కలేదా పిన్నిగారూ?"

"నొక్కబోతే ముడుచుకుపోయింది, పాపం! దాన్నెందుకు బాధపెట్టడమని ఊరుకున్నా."

సుభాషిణి తలెత్తలేకపోయింది. బిందె నింపి, తానే మోసుకెళ్లి వాళ్లింట్లో దించింది. ముడుచుకుంటున్న బటన్‌ను వదలకుండా గట్టిగా నొక్కింది.

"మెల్లగానమ్మా, దానికి నొప్పెడుతుందేమో!" అన్నారావిడ.

దానికి నొప్పి తెలియదనీ, అలా రాసింది తానేననీ చెప్పడానికి సుభాషిణికి నోరు రాలేదు.