భుజాలు చెప్పే మాట

నా బొమ్మల కథల్లో హీరోకి మొహమంతా ముసుగే. అందుకే వాడి కోపమైనా ఏడుపైనా భుజాల్లోనే గీయాలి. ఆ ముసుగు తొడుక్కుని నాకోసం నిలబడేది మా అక్క. తొడుక్కున్నాక మాట్లాడకూడదని మా నియమం. నోరు మూస్తేనే ఒళ్లు మాట్లాడుతుందంటుంది.

ఆ రాత్రి పెన్సిల్ చెక్కి తలెత్తేసరికి టేబుల్ లైటు అవతల అక్క ముసుగు తొడుక్కుని సిద్ధంగా నిలబడి ఉంది.

"కోపం," అన్నాను. భుజాలు బిగిశాయి.

"ఇప్పుడు వాడి తమ్ముడు చచ్చిపోయాడు."

భుజాలు జారిన తీరు చూసి గబగబా గీయడం మొదలుపెట్టాను. అక్క ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. గదిలో నా పెన్సిల్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఇంకా బస్సులోనే ఉన్నానురా. నేనొచ్చేదాకా హీరో చేతులు గీస్తూ ఉండు. ముసుగు ఉతికి తెస్తున్నాలే," అంది అక్క.

ఏదో పొరబాటు పడ్డాననుకుని ఫోన్ తెర చూశాను. అక్క నంబరే.

ఎదురుగా భుజాలు మెల్లగా అదరడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్లుగా భుజాలే గీస్తున్నాను. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.