ఐపీ పెట్టు విధానం

అందరి ఇళ్ళలోలాగే సత్తిరాజు ఇంట్లోనూ, అప్పిచ్చిన బ్యాంకులు తలో మరమనిషిని దించాయి. దుబాయ్‌ది ఒకటి, సింగపూర్‌ది ఒకటి. రెండూ తెలుగు నేర్చుకుని, కూరలు తరుగుతూ వాయిదాలు గుర్తుచేసేవి.

“ఇంక మనవల్ల కాదండీ. ఐపీ పెట్టేద్దాం, ఇల్లయినా మిగుల్తాది,” అని భూలక్ష్మి మొగుడి చెవిలో గొణిగింది.

తరుగుతున్న కత్తులు ఆగిపోయాయి.

“ఐపీ అంటే ఆవకాయలాగే పెడతారా, అమ్మగారూ?” అంది దుబాయ్‌ది.



“అలాగే. కాపోతే లాయరుగారు కలుపుతారు,” అంది భూలక్ష్మి.

“అయితే మా బ్యాంకుకీ పెట్టండి.”

“ముందు మా బ్యాంకుకి,” అంది సింగపూర్‌ది ఉక్రోషంగా.

భూలక్ష్మి నవ్వాపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“దెబ్బలాడుకోకండమ్మా. ఇద్దరికీ ఒకేసారి పెడతాం.”