నక్షత్రం వెనకవైపు

ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉంది. జలుబు చేసి ఓర్లీన్ ఒక్కతే ఇంట్లో మిగిలింది.

కింద ఆమె హోటలు, పైన గది. వెనక గోడ దగ్గర ఇనుము రాపిడి వినిపించింది.

కిటికీలోంచి తొంగిచూసి కొయ్యబారిపోయింది. నిచ్చెన మీద ఎవరో ముసలాయన. పెద్ద రెంచీతో గోడ మీది ఇనుప నక్షత్రం మధ్య మర తిప్పుతున్నాడు.

నెబ్రాస్కాలోని ఆ రైల్వే ఊళ్లో, పట్టాల పక్కనే ఉన్న వాళ్ల డిపో వీధి గోడలన్నిటికీ అలాంటి నక్షత్రాలున్నాయి. పాతకాలపు అలంకారమని అందరి మురిపెం. పోయిన నెల పక్క ఊళ్లో నాలుగు దొంగలపాలయ్యాయి కూడా.

"ఎవరయ్యా నువ్వు? ఏం చేస్తున్నావక్కడ?" అని కేకేసింది.

"వింటున్నానమ్మా." గోడకు చెవి ఆనించాడు. "రైలు వెళ్లేటప్పుడు గోడే చెబుతుంది."

పిచ్చివాడే. అందులోనూ రెంచీ ఉన్న పిచ్చివాడు. ఓర్లీన్ గడియపెట్టి పోలీసుకు ఫోన్ చేసింది.

డెప్యూటీ డ్వైట్ వస్తూనే రెంచీ లాక్కున్నాడు.

"ఏం తాతా, ఊరంతా దేవుడి దగ్గరుంటే నీకిక్కడ పనా?"

"ఎవరికీ అడ్డం ఉండదని ఏటా ఆదివారమే వస్తాను బాబూ. ఇదే ఆఖరి గోడ. తుప్పు గీకడానికి మర వదులు చేశాను. నాలుగు చుట్లు బిగించనివ్వు."

"నిచ్చెన ఎక్కనివ్వకు డ్వైట్. నాకు భయంగా ఉంది," అంది ఓర్లీన్.

ముసలాయన ఆమెకేసి చూశాడు. "భయపడాల్సిందే తల్లీ. బొగ్గు రైలు వచ్చేటప్పుడు లోపల ఉండకు."

"వింటున్నావా, బెదిరిస్తున్నాడు," అన్నాడు డ్వైట్.

ఇక ఈ ఊరు రానని కాగితం మీద సంతకం పెట్టించుకుని, జిల్లా పొలిమేర దాటించి వచ్చాడు.

రెండు రోజులు ఓర్లీన్ వెనక తలుపు గడియ తీయలేదు. తలుపు చప్పుడైతే చాలు, ఆయనే వచ్చాడని ఉలిక్కిపడింది.

మంగళవారం మధ్యాహ్నం బొగ్గు రైలు వచ్చింది. కాఫీ కప్పుల్లో సున్నం రాలింది. వెనక గోడ మూలిగింది.

ఆమెకు ముసలాయన మాట గుర్తొచ్చింది. తింటున్న ఇద్దరినీ రెక్కపట్టి వీధిలోకి ఈడ్చుకొచ్చింది. అంతలోనే గోడ కుప్పకూలింది.

వీధిలో మిగతా గోడలు చెక్కుచెదరలేదు. వాటి నక్షత్రాల మరలకు కొత్తగా నూనె పూసి ఉంది.

"లోపలి ఇనుప కడ్డీలతో గోడల్ని పట్టి ఉంచేవి ఇవేనన్నమాట," అన్నాడు పరుగెత్తుకొచ్చిన డ్వైట్ మెల్లగా.

ఓర్లీన్ ఇటుకల్లో పడున్న నక్షత్రాన్ని తిరగేసింది. గోడకు ఆనుకుని ఉండే ఆ వైపు ఎవరూ ఎన్నడూ చూడలేదు. దాని మీద పోతపోసిన అక్షరాలున్నాయి.

'ఈ వీధి కట్టిన తాపీమేస్త్రీ, వాత్స్లావ్ కుచేరా, 1887.'

డ్వైట్ జేబులోంచి కాగితం తీసి విప్పాడు. ఇక ఈ ఊరు రానని ముసలాయన పెట్టిన సంతకంలోనూ ఇంటిపేరు కుచేరానే.